85 ఎంఎం ఎఫ్/1.4 కొనాలా, 1.8తో సరిపోతుందా?

కొత్తఫ్రేము:
అందరికీ నమస్కారం. ఎన్నాళ్లుగానో తేల్చుకోలేకపోతున్న విషయం, మీ ముందు పెడుతున్నా. నా దగ్గర సోనీ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ ఉంది. దాంతోపాటు వచ్చిన 28-70 కిట్ లెన్స్, తర్వాత కొన్న 50 ఎంఎం ఎఫ్/1.8 ఉన్నాయి. తీసేవన్నీ మనుషుల ఫోటోలే. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, వాళ్ల పిల్లలు. ఎవరైనా అడిగితే చిన్న చిన్న ఫంక్షన్లు కూడా. ఇది నా వృత్తి కాదు, ఇష్టంతో చేస్తున్నదే.

ఇప్పుడు 85 ఎఫ్/1.4 మీద మనసు పడింది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుతురు తెస్తుంది కదా. అదే 85లో ఎఫ్/1.8 చాలా తక్కువ ధరకే దొరుకుతోంది, బరువూ తక్కువ. ఎక్కువ పెట్టే ఆ డబ్బుకి ఫోటోలో కనిపించే తేడా ఎంత? వాడినవాళ్లు చెప్పండి. "రెండూ మంచివే" అనే జవాబు మాత్రం వద్దు, అది నాకూ తెలుసు.

వెలుతురుపిట్ట:
1.4 తీసుకో బ్రో, ఆలోచించకు. 1.8 కొన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకి దాన్ని నష్టానికి అమ్మేసి 1.4కే వస్తారు. మొదటిసారే మంచిది కొంటే ఒకసారి ఖర్చుతో పోతుంది. పైగా నువ్వు ఇళ్లలో, ఫంక్షన్లలో తీస్తానంటున్నావు. అక్కడ ప్రతి చుక్క వెలుతురూ పనికొస్తుంది.

చీకటిగది:
కొత్తఫ్రేము గారూ, లెన్స్ సంగతికి ముందు నాలుగు ప్రశ్నలు. మీ 50ని ఎక్కువగా ఏ ఎపర్చర్‌లో (ఎఫ్ అంకెలో) వాడుతున్నారు? ఫ్రేములో సాధారణంగా ఒక్కరే ఉంటారా, ఇద్దరు ముగ్గురా? మనిషి వెనక గోడ ఎంత దూరంలో ఉంటుంది? మీ ఫోటోల్లో మీకు నచ్చనిది ఏమిటి: వెనక బ్లర్ చాలకపోవడమా, గ్రెయిన్ (గరుకు చుక్కలు) రావడమా, ముఖం మీద వెలుగు బాగోకపోవడమా?

చివరి ప్రశ్నకి జవాబు రాకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా గాలిలో బాణమే. మీ పాత ఫోటోల ఫోల్డర్ తెరిచి, మీకు బాగా నచ్చినవి పక్కన పెట్టి, వాటి వివరాల్లో ఫోకల్ లెంగ్త్, ఎపర్చర్ ఏముందో చూడండి. చెప్పుకునే అలవాట్లు వేరు, ఫైళ్లలో ఉన్న అలవాట్లు వేరు.

లెక్కలపుస్తకం:
ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం. 1.4కీ 1.8కీ మధ్య తేడా స్టాప్‌లో మూడింట రెండు వంతులు. అంటే 1.8తో ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 3200 పెట్టాల్సిన చోట 1.4తో 2000 సరిపోతుంది. లేదా 1/125 షటర్ స్పీడ్‌కి బదులు 1/200 వస్తుంది. నేటి ఫుల్ ఫ్రేమ్ సెన్సార్లలో 2000కీ 3200కీ మధ్య గ్రెయిన్ తేడాని ఎవరైనా చూపిస్తే తప్ప పట్టుకోవడం కష్టం.

ఇక బ్లర్ సంగతి. దీనికి తేలికైన లెక్క ఒకటుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే వృత్తం వ్యాసం వస్తుంది. 85 ఎఫ్/1.4కి 61 మి.మీ., 85 ఎఫ్/1.8కి 47 మి.మీ. వెనక చాలా దూరంలో ఉన్న చిన్న దీపం ఫోటోలో ఎంత పెద్ద గుండ్రంగా విచ్చుకుంటుందో ఈ సంఖ్యే చెప్తుంది. మనిషి ముఖం పక్కన స్కేలు పెట్టి కొలిచినట్టు అనుకోండి, 1.4లో ఆ వృత్తం 61 మి.మీ., 1.8లో 47.

కానీ ఇది వెనక అంతా దూరంగా ఉన్నప్పటి మాట. గోడ దగ్గరగా ఉంటే రెండూ కుంచించుకుపోతాయి. కెమెరాకి 2 మీటర్లలో మనిషి, ఆ మనిషి వెనక 1 మీటరులో గోడ ఉందనుకుందాం. 1.4కి 20 మి.మీ., 1.8కి 16 మి.మీ. తేడా 4 మి.మీ. మాత్రమే. ఇప్పుడు అదే 1.8తో, మనిషినీ కెమెరానీ కలిపి గోడ నుంచి ఇంకో మీటరు దూరం జరపండి. గోడకి దూరం 2 మీటర్లు అయింది, వృత్తం దాదాపు 24 మి.మీ.కి పెరిగింది. ఒక్క మీటరు జరిగితే 1.4ని దాటేశారు.

కొత్తఫ్రేము:
అన్నా, ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో తీసినప్పుడు వెనక అల్మరా అంత స్పష్టంగా ఎందుకు కనిపిస్తోందో ఇప్పుడు అర్థమైంది. నేను మనుషుల్ని దానికి ఆనించి నిలబెడుతున్నా.

చీకటిగది గారూ, ఫోల్డర్ చూసి రేపు రాస్తాను.

వెలుతురుపిట్ట:
లెక్క తప్పని నేను అనను. కానీ ఫోటో అంటే మి.మీ.లు మాత్రమే కాదు కదా! 1.4 లెన్స్‌ని 1.8కి దించి వాడి చూడండి, ఫ్రేము అంచుల్లో దీపాలు గుండ్రంగా ఉంటాయి. 1.8 లెన్స్‌ని పూర్తిగా తెరిచి అదే ఫోటో తీస్తే అంచుల్లో అవి పిల్లికన్నులా కోసుగా నలిగిపోతాయి. లెన్స్ గొట్టం అంచు వెలుతురుని కొంత కోసేయడం వల్ల అలా వస్తుంది. పైగా మూలలు చీకటిపడతాయి. అంటే ఒకే ఎపర్చర్‌లో కూడా రెండు లెన్సులూ ఒకటి కావు.

ఇంకో సంగతి. ఫోకస్ ఉన్న చోటు నుంచి లేని చోటికి ఎలా జారుతుందనేది. చెంప దగ్గర స్పష్టంగా ఉండి, చెవి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడి, జుట్టు చివర్లు గాలిలో కలిసిపోయే ఆ జారుడు ఉంటుంది చూడండి, దానికోసమే నేను 1.4 మోస్తున్నా. దాన్ని ఏ పట్టికలోనూ చూపించలేరు.

పాతలెన్సు:
తమ్ముళ్లూ, ఇద్దరి మాటా సరైనదే, కొంచెం కలుపుతాను.

ఎక్కువ వెలుతురు తెచ్చే లెన్స్‌ని వేగమైన లెన్స్ అంటారు కదా, ఆ వేగం అనే మాట పోర్ట్రెయిట్ లెన్స్‌కి అతుక్కున్నది బ్లర్ వల్ల కాదు. 1840లో పెట్జ్‌వాల్ అనే గణిత ఆచార్యుడు వియన్నాలో మనుషుల ఫోటోల కోసమే లెన్స్ లెక్కగట్టి ఇచ్చాడు, ఫోయ్‌క్ట్‌లెండర్ దాన్ని తయారుచేశాడు. దాని ఎపర్చర్ ఎఫ్/3.6 దరిదాపు. అంతకుముందు వాడినవి ఎఫ్/15, 16 ప్రాంతంలో ఉండేవి. ఒక్కసారిగా వెలుతురు పదిహేను రెట్లకు పైనే పెరిగింది. మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన బాధ తగ్గింది. వెనక మెత్తబడటం దాంతోపాటు వచ్చిన వరం, అడిగి తెచ్చుకున్నది కాదు. ఈనాడు వెలుతురు కొరతని సెన్సారే చాలావరకు తీర్చేస్తోంది కాబట్టి జనం ఆ రెండోదానికోసం డబ్బు పెడుతున్నారు. పెట్టండి, కానీ దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టండి.

ఇక పిట్టగారు చెప్పిన జారుడు. అది ఎపర్చర్ పెద్దదైనంత మాత్రాన వచ్చేది కాదు. లెన్స్‌లో గోళాకార దోషాన్ని (అంచులోంచి, మధ్యలోంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవకపోవడాన్ని) ఎంతవరకు సరిదిద్దారు అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. కొంచెం తక్కువగా సరిదిద్దితే వెనక బ్లర్ వెన్నలా వస్తుంది, ముందు బ్లర్ గరుకుగా వస్తుంది. పూర్తిగా సరిదిద్దితే ఫోకస్ ఉన్న చోట కత్తిలా ఉంటుంది, వెనక అంత మెత్తదనం ఉండకపోవచ్చు. కాబట్టి 1.4లన్నీ మెత్తగా ఉంటాయనీ, 1.8లన్నీ గరుకనీ అనుకోవద్దు. వెనక చెట్ల కొమ్మలు, ఆకుల మధ్య నుంచి పడే ఎండ ఉన్న నమూనా ఫోటోలు వెతికి చూడండి. లెన్స్ గుణం అక్కడ బయటపడుతుంది, నల్లటి తెర ముందు తీసిన ఫోటోలో కాదు.

రంగు అంచులు కూడా చూడండి. పూర్తిగా తెరిచినప్పుడు ఫోకస్‌కి ముందున్న మెరుపుల చుట్టూ ఊదా, వెనకున్న వాటి చుట్టూ ఆకుపచ్చ కనిపిస్తుంది. కళ్లజోడు ఫ్రేము, నగల మెరుపు, తెల్ల చొక్కా అంచు, ఇలాంటి చోట్ల తగులుతుంది. ఎడిటింగ్‌లో తీయొచ్చు కానీ జుట్టులో పడితే విసుగు.

పసిడిగంట:
నేను ఎక్కువగా పిల్లల్ని తీస్తాను, ఆ వైపు నుంచి చెప్తాను. 85 ఎఫ్/1.4లో, మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే స్పష్టంగా ఉండే లోతు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. 1.8లో ఆరు సెంటీమీటర్లకి దగ్గర. ముఖం ఫ్రేము నిండేలా 1.2 మీటర్లకి వెళ్తే 1.4లో మిగిలేది ఒకటిన్నర సెంటీమీటర్లు. అంటే ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంటే దగ్గరి కన్ను స్పష్టం, దూరపు కన్ను మెత్తన. కనురెప్పల వెంట్రుకలు కత్తిరించినట్టు ఉంటాయి, ముక్కు కొన అప్పటికే మెత్తబడిపోతుంది.

ఒక్కోసారి అదే అందం. నిద్రపోతున్న పసిబిడ్డని అలా తీస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ అటూ ఇటూ పరిగెత్తే నాలుగేళ్ల పిల్ల విషయంలో నేను 2 నుంచి 2.8 మధ్యే ఉంటాను. కంటి ఫోకస్ ఎంత బాగా పనిచేసినా, ఫోకస్ పడిన క్షణానికీ షటర్ పడిన క్షణానికీ మధ్య ఆ పిల్ల మూడు సెంటీమీటర్లు ముందుకి వచ్చేస్తుంది. ఇద్దరు పిల్లలు ఒకే ఫ్రేములో ఉంటే 4కి వెళ్లాల్సిందే. 1.4 లెన్స్ ఉన్నా నా ఫోటోల్లో ఎక్కువ 2 దాటినవే.

ఇంకో మాట, ఎవరూ అనలేదు. 85తో నిలువెత్తు మనిషి ఫ్రేములో పట్టాలంటే దాదాపు 5 మీటర్లు వెనక్కి రావాలి. కెమెరా నిలువుగా పట్టుకున్నా సరే. ఇంట్లో అంత జాగా ఉంటుందా కొత్తఫ్రేము? ఫంక్షన్‌లో మీకూ ఆ మనిషికీ మధ్య నుంచి జనం నడుస్తూనే ఉంటారు.

అంచుమెరుపు:
మధ్యలో చిన్న ప్రశ్న. నాది ఫ్యూజీ క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది). 56 ఎంఎం ఎఫ్/1.2 చూస్తున్నా. అది 85 ఎఫ్/1.2తో సమానమేనా?

లెక్కలపుస్తకం:
కాదండీ. 56ని 1.2తో భాగిస్తే 47 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ 85 ఎఫ్/1.8 సంఖ్యా అదే. ఫ్రేములో పట్టేదీ, బ్లరూ రెండూ ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎఫ్/1.8 ఇచ్చినట్టే వస్తాయి. ఎక్స్‌పోజర్ లెక్క మాత్రం 1.2దే. మీ కెమెరాకి అది చక్కని పోర్ట్రెయిట్ లెన్స్. 2014లో వచ్చిన పాతది, 2022లో వచ్చిన డబ్ల్యూఆర్ రకం, రెండున్నాయి. వేరే దారం (థ్రెడ్) మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

నీలిగోడ:
ఇన్ని లెక్కలెందుకు, ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ చాలదా? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇప్పుడు బ్లర్ బాగానే వస్తోంది.

చీకటిగది:
ఫోన్ తెర మీద చూసి పంచుకునే ఫోటోలకి చాలావరకు చాలు. పెద్దది చేసి చూసినప్పుడు, విడిగా ఎగిరే వెంట్రుకలు, కళ్లజోడు అద్దంలోంచి కనిపించే చెంప అంచు, మోచేయికీ నడుముకీ మధ్య ఉండే ఖాళీ, ఈ మూడు చోట్ల దొరికిపోతుంది. లెన్స్‌కి అంచు ఎక్కడుందో ఊహించాల్సిన పని లేదు. ఎడిటింగ్ బ్లర్‌ని, లెన్స్ ఇచ్చిన బ్లర్‌ని ఇంకొంచెం పెంచడానికి వాడితే బాగా కలిసిపోతుంది. మొత్తం దాని మీదే వదిలేస్తే కష్టం.

కొత్తఫ్రేము:
ఫోల్డర్ చూశాను. రెండు రోజులు పట్టింది, చాలా ఉన్నాయి.

ఒకటి, 50 మీద ఒంటరి మనిషి ఫోటోలు దాదాపు అన్నీ 1.8 నుంచి 2.2 మధ్యే. ఇద్దరూ ముగ్గురూ ఉన్నవి 4 దగ్గర. నాకు బాగా నచ్చినవి మాత్రం ఆరుబయట సాయంత్రం తీసినవి, వెనక చెట్లు దూరంగా ఉన్నవి. లెక్కలపుస్తకం అన్న చెప్పినట్టే ఉంది.

రెండు, నచ్చనివన్నీ ఇంట్లో రాత్రిపూట తీసినవే. వాటిలో గ్రెయిన్ కంటే పెద్ద బాధ వేరే ఉంది. నెత్తిమీద లైటు వల్ల కళ్ల కింద నల్లటి నీడలు, పచ్చటి ముఖాలు. దీనికి 1.4 ఏం చేస్తుంది?

మూడు, కిట్ లెన్స్‌ని 70 దగ్గర టేపు వేసి బిగించి వాడాను, 85కి అదే దగ్గరగా ఉంటుందని. గదిలో మనిషి నడుము దాకా పడుతున్నాడు, నిలువెత్తు పట్టట్లేదు. పసిడిగంట గారు అన్నది నిజం. కానీ ముఖం, భుజాల దాకా తీస్తే 50 కంటే ఎంతో బాగుంది. 50తో ముఖం నింపాలని దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతున్నాయి. 70తో ఆ బాధ లేదు.

పాతలెన్సు:
అది లెన్స్ గుణం కాదు తమ్ముడూ, దూరం గుణం. 50తో నువ్వు దగ్గరికి వెళ్లావు, 70తో వెనక్కి వచ్చావు. మీటరున్నర, రెండు మీటర్ల నుంచి చూసినప్పుడు ముఖం మనకి అలవాటైన పాళ్లలో కనిపిస్తుంది. ఆ దూరంలో నిలబడి తల, భుజాలు ఫ్రేము నిండా పట్టించేది 85. ఇన్నేళ్లుగా అది పోర్ట్రెయిట్ లెన్స్ అనిపించుకుంది అందుకే. 1.4 అయినా 1.8 అయినా ఈ గుణం ఒకటే. నీకు కావలసినదాంట్లో పెద్ద భాగం ఇదే అనిపిస్తోంది నాకు.

రాత్రి ఫోటోల సంగతి: నెత్తిమీద లైటు ముఖానికి బాగోకపోతే, ఎఫ్/1.4 ఆ బాగోలేని వెలుతురునే ఇంకొంచెం ఎక్కువ లోపలికి తెస్తుంది. కళ్ల కింద నీడ అలాగే ఉంటుంది.

వెలుతురుపిట్ట:
ఒక్క నిమిషం, దీన్ని వదలొద్దు. కొత్తఫ్రేము దగ్గర ఇప్పటికే 50 ఎఫ్/1.8 ఉంది. 85 ఎఫ్/1.8 కొంటే వెలుతురు విషయంలో తనకి ఒరిగేది సున్నా. పైగా 85లో చేతి వణుకు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి షటర్ స్పీడ్ ఇంకొంచెం పెంచాలి. అంటే రాత్రిపూట 50 కంటే వెనక్కి వెళ్లినట్టే. 1.4 అయితే కనీసం ఆ లోటు పూడుతుంది.

చీకటిగది:
పిట్టగారూ, ఇది గట్టి వాదన, ఒప్పుకుంటాను. ఈ దారంలో 1.4కి అనుకూలంగా వచ్చిన వాటిలో ఇదే బలమైనది. కానీ పూడేది మూడింట రెండు వంతుల స్టాప్. అదే డబ్బులో తల తిప్పగలిగే మామూలు ఫ్లాష్ ఒకటి కొని, తెల్ల గోడకో సీలింగుకో కొట్టి బౌన్స్ చేస్తే వచ్చే వెలుతురు ముందు ఆ స్టాప్ ముక్క లెక్కలోకి రాదు. ఐఎస్ఓ 800కి దిగొచ్చు. పక్క గోడకి కొడితే ముఖం మీద వెలుగు పక్కనుంచి మెత్తగా వస్తుంది, కళ్ల కింద నీడ పోతుంది, కంట్లో మెరుపు పడుతుంది. ఆయన చెప్పుకున్న రెండు బాధలూ తీరతాయి.

ఫ్లాష్ వాడటానికి వీల్లేని చోటు అయితే నా మాట మారుతుంది. నిద్రపోతున్న బిడ్డ, వేదిక మీద నాట్యం, కొవ్వొత్తి వెలుగు. అలాంటివి తరచుగా తీసేవాళ్లకి నేనే 1.4 కొనమంటాను.

పసిడిగంట:
నిజమే. బరువు కూడా లెక్కలో వేసుకోండి. సోనీ 85 ఎఫ్/1.8 371 గ్రాములు. 2016లో వచ్చిన 85 ఎఫ్/1.4 జీఎం 820 గ్రాములు, 2024లో వచ్చిన రెండో రకం 642. సిగ్మా 85 ఎఫ్/1.4 డీజీ డీఎన్ 630 దాకా. అద్దాల కెమెరాల (డీఎస్ఎల్ఆర్) కాలం నాటి సిగ్మా ఆర్ట్ అయితే కిలో దాటేది, అది మోసినవాళ్లకి ఇప్పుడున్నవి దూదిపింజల్లా అనిపిస్తాయి. ఫంక్షన్‌లో మెడలో వేసుకుని గంటలు తిరిగేవాళ్లకి ఆ మూడొందల గ్రాములు సాయంత్రానికి తెలుస్తాయి. ఇష్టంతో తీసేవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. బరువైన లెన్స్ ఇంట్లోనే ఉండిపోతుంది.

లెక్కలపుస్తకం:
ఆరుబయట నచ్చుతోంది అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. నడి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16కి షటర్ 1/100 దరిదాపు. ఎఫ్/1.4కి వచ్చేసరికి ఏడు స్టాప్‌లు, అంటే 1/12800. చాలా బాడీల్లో మెకానికల్ షటర్ 1/4000 లేదా 1/8000తో ఆగిపోతుంది. ఎండలో పూర్తిగా తెరవాలంటే ఎలక్ట్రానిక్ షటర్ గానీ, మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) గానీ కావాలి. నీడలోకి జరిగితే ఏ బాధా లేదు, ముఖానికి కూడా అదే మంచిది.

కొత్తఫ్రేము:
అందరికీ ధన్యవాదాలు. 85 ఎఫ్/1.8, తల తిరిగే ఫ్లాష్ ఒకటి. నిర్ణయం అయిపోయింది. వెలుతురుపిట్ట అన్నా, నీ మాట కొట్టిపారేయట్లేదు. ఫ్లాష్ లేకుండా రాత్రి ఫోటోలే ఎక్కువ తీసే రోజు వస్తే 1.4 గురించి మళ్లీ ఇక్కడికే వస్తా.

ఒక చివరి సందేహం. కొత్త లెన్స్‌తో ఎండలో పూర్తిగా తెరిచి తీయబోతున్నా కదా, బాడీలో మార్చాల్సిన సెట్టింగ్ ఏమైనా ఉందా?

వెలుతురుపిట్ట:
నీ ఫోల్డర్ చూశాక నేనూ అదే చెప్పేవాణ్ణి బ్రో. నా ఫోటోలు వేరు, నాకు 1.4 లేకుండా కుదరదు.

సెట్టింగ్ ఉంది. ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ అని ఉంటుంది, అంటే షటర్ మొదటి తెర పనిని సెన్సారే చేయడం, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. పెద్ద ఎపర్చర్‌తో, 1/2000 దాటిన వేగంలో అది వెనక వృత్తాల్ని ఒక పక్క కోసేస్తుంది. గుండ్రంగా రావాల్సినవి ఒకవైపు చెక్కేసినట్టు వస్తాయి, బ్లర్ తగ్గినట్టు ఉంటుంది. లెన్స్ పాడైందేమో అని చాలామంది దిగులుపడేది దీనివల్లే. ఎండలోకి వెళ్లినప్పుడు ఆఫ్ చేసి పూర్తి మెకానికల్ షటర్ పెట్టుకో. కొన్ని చిన్న బాడీల్లో ఆఫ్ చేసే వీలుండదు. నీది అలాంటిదైతే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి వేగం 1/1000 లోపు ఉంచు. సోనీ 85 ఎఫ్/1.8 అయితే ఫిల్టర్ సైజు 67 మి.మీ., లెన్స్‌తోపాటే తెప్పించుకో.